పాత హైబ్రిడ్ కారు: బాటరీ బలం, పెట్రోలు పొదుపు

పాత కారును పరీక్షించే మెకానిక్కుకు కొన్ని గుర్తులు కంటికి, చెవికి దొరుకుతాయి. టైరు అరిగితే గాడి లోతు తగ్గుతుంది. ఇంజను అరిగితే పొగ వస్తుంది. బ్రేకు అరిగితే కీచుమంటుంది. బాటరీ విషయం అటువంటిది కాదు. పదేళ్ళ బాటరీ, పది రోజుల బాటరీ పైకి ఒకే తీరుగా కనిపిస్తాయి. లోపల ఎంత బలం మిగిలి ఉన్నదో కొలిచి తెలుసుకోవలసినదే గాని, చూచి చెప్పుటకు వీలు లేదు.

పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ కలిసి నడిపే వాహనాన్ని హైబ్రిడ్ కారు, అనగా సంకర వాహనం అంటారు. జపాను దేశంలో 1997 డిసెంబరులో ప్రియస్ అనే కారుతో ఈ పద్ధతి పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చినది. అదే కారు 2010లో మన దేశానికి దిగుమతి అయినది. 2013లో బెంగుళూరు దగ్గరి బిడదిలో క్యామ్రీ హైబ్రిడ్ కార్ల కూర్పు ప్రారంభమైనది. ఆనాటి కార్లు నేడు చేతులు మారి పాత కార్ల బజారుకు వస్తున్నాయి. బాటరీ మొత్తం మార్చవలసి వస్తే అయ్యే ఖర్చు పాత కారు వెలలో పెద్ద భాగమే. కాబట్టి కొనేవారికి ముందుగా తెలియవలసిన ప్రశ్నలు రెండు: బాటరీలో ఎంత బలం ఉన్నది? లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గితే దానికి కారణం బాటరీయేనా? ఈ రెండింటికీ ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంతోనే చాలవరకు సమాధానం దొరుకుతుంది.

ఎర్రదీపం వద్ద పోయే శక్తి

హైదరాబాదులో అశోక్ నగర్ నుండి ఆర్టీసీ క్రాస్‌రోడ్డు మీదుగా నారాయణగూడకు పోయే కారు అనేకసార్లు ఆగి, అనేకసార్లు కదలవలసి ఉంటుంది. ఆగిన ప్రతిసారీ కారుకున్న గతిజశక్తి బ్రేకులలో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఆ నష్టం ఎంత?

మనుషులతో కలిపి కారు బరువు 1600 కిలోగ్రాములు, వేగం గంటకు 36 కిలోమీటర్లు, అనగా సెకనుకు 10 మీటర్లు అనుకొందాం. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే గతిజశక్తి వస్తుంది. 800ను 100తో గుణించగా 80,000 జౌళ్ళు. లీటరు పెట్రోలును కాల్చితే సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ వేడి పుడుతుంది. నగరపు రద్దీలో సాధారణ ఇంజను దానిలో నాలుగో వంతును మాత్రమే చక్రాలకు అందించగలదని అనుకొంటే, లీటరుకు 80 లక్షల జౌళ్ళు ఉపయోగపడతాయి. ఈ మొత్తాన్ని 80 వేలతో భాగిస్తే 100 వస్తుంది. అంటే ఆ వేగం నుండి నూరుసార్లు ఆగితే ఒక లీటరు పెట్రోలు బ్రేకుల పాలైనట్లే.

హైబ్రిడ్ కారు ఈ నష్టంలో కొంత భాగాన్ని తిరిగి రాబడుతుంది. డ్రైవరు బ్రేకు నొక్కగానే మోటారు డైనమోగా మారి చక్రాల గతిజశక్తితో విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు బాటరీలో చేరుతుంది. దీపం పచ్చబడగానే అదే విద్యుత్తు మోటారును తిప్పి కారును కదిలిస్తుంది. పోతూ వస్తూ కొంత నష్టమైనా, దాదాపు సగం శక్తి చక్రాలకు తిరిగి చేరగలదు. ఆగి ఉన్నంతసేపు ఇంజను కూడా ఆగిపోతుంది కాబట్టి ఆ పెట్రోలు కూడా మిగులుతుంది. సాధారణ కారు రద్దీలో నష్టపోయే చోటనే హైబ్రిడ్ కారు లాభపడుతుంది.

చెంబు చిన్నదే

ఇంత పని చేసే బాటరీ పెద్దదై ఉంటుందని తోచవచ్చును. నిజానికి అది చాలా చిన్నది. 2013 నాటి క్యామ్రీ హైబ్రిడ్ బాటరీలో ఒక్కొక్కటి 1.2 ఓల్టుల ఘటాలు 204 ఉన్నాయి. ఆరేసి ఘటాలు కలిపి ఒక మాడ్యూలు. అటువంటి మాడ్యూళ్ళు 34ను శ్రేణిలో కలిపినందున మొత్తం 244.8 ఓల్టులు వస్తాయి. ధారణశక్తి 6.5 ఆంపియరు-గంటలు. ఈ రెండింటినీ గుణిస్తే సుమారు 1590 వాట్-గంటలు. దీనిని పెట్రోలు వేడితో పోలిస్తే 180 మిల్లీలీటర్లకు సమానం, అనగా ఒక గ్లాసెడు పెట్రోలు!

ఆ గ్లాసులో కూడా అంతా వాడుకకు రాదు. బాటరీ పూర్తిగా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా త్వరగా చెడుతుంది. అందుచేత కారులోని కంప్యూటరు నిల్వను సుమారు 40 శాతానికి, 80 శాతానికి మధ్యనే ఉంచుతుంది. వాడుకకు దొరికేది 640 వాట్-గంటలు మాత్రమే. చెంబు చిన్నదైనా రోజుకు వందసార్లు నింపి వంచితే తొట్టి నిండినట్లు, ఈ చిన్న బాటరీ మాటిమాటికి నిండి ఖాళీ అగుట వల్లనే పొదుపు కలుగుతుంది. దాని విలువ అది దాచే శక్తిలో కన్న, శక్తిని ఎంత త్వరగా తీసుకొని ఎంత త్వరగా ఇవ్వగలదనే దానిలో ఎక్కువగా ఉన్నది.

ఘటం లోపల

ఈ ఘటాలను నికెల్-లోహ హైడ్రైడు ఘటాలు అంటారు. ధన పలకలో నికెల్ ఆక్సీ-హైడ్రాక్సైడు, ఋణ పలకలో హైడ్రోజనును పీల్చుకొన్న మిశ్రలోహం ఉంటాయి. రెండింటి మధ్య పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణం ఉంటుంది. ఘటం నుండి విద్యుత్తు తీసినప్పుడు హైడ్రోజను మిశ్రలోహాన్ని విడిచిపోతుంది. ధన పలకలోని పదార్థం నికెల్ హైడ్రాక్సైడుగా మారుతుంది. విద్యుత్తు ఎక్కించినప్పుడు ఈ చర్యలు వెనుకకు జరుగుతాయి. లాంథనం, నికెల్ కలిసిన మిశ్రలోహం స్పాంజి నీటిని పీల్చినట్లు హైడ్రోజనును పీల్చుకోగలదని 1960 దశాబ్దపు చివరి సంవత్సరాలలో హాలెండులోని ఫిలిప్స్ ప్రయోగశాలలో గమనించారు. ఈ ఘటాలకు మూలం ఆ పరిశీలనయే.

పాతబడే కొద్దీ ఘటంలో మూడు మార్పులు వస్తాయి. మొదటిది ధారణశక్తి తగ్గుట. మిశ్రలోహపు రేణువులు పగిలి, క్షయమై, పని చేసే పదార్థం తగ్గిపోతుంది. చెంబు అడుగున ఇసుక పేరుకొన్నట్లు నీరు పట్టే చోటు తగ్గుతుందన్నమాట. రెండవది అంతర్నిరోధం పెరుగుట. ద్రావణంలోని నీరు తగ్గుట, పలకల ఉపరితలం చెడుట వల్ల విద్యుత్తుకు దారి ఇరుకవుతుంది. ఇది చెంబు మూతి సన్నబడినట్లు. మూడవది అసమానత. 204 ఘటాలు ఒకే తీరుగా ముసలివి కావు. వరుస నడుమ ఉన్నవాటికి గాలి తక్కువగా, వేడి ఎక్కువగా తగులుతుంది. సాధారణంగా అవే ముందు దెబ్బతింటాయి.

ఈ మూడింటికీ పెద్ద శత్రువు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అనేక రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఘటాన్ని చెరిచే చర్యలకు కూడా ఇదే వర్తిస్తుంది. హైదరాబాదులో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణం. ఎండలో నిలిపిన కారు లోపల అంతకన్న వేడిగా ఉంటుంది. ఈ బాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలియే. వెనుక సీటు దగ్గర ఉండే గాలి ద్వారం గుండా చిన్న ఫాను ఆ గాలిని లాగుతుంది. దుమ్ము, బట్టల నూగు ఆ ద్వారాన్ని మూసివేస్తే బాటరీ ఉడికిపోతుంది. పాత కారులో ముందుగా చూడవలసిన చోటు ఇదే. దీనిని శుభ్రపరచుటకు ఖర్చు దాదాపు లేదు.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?

ఇంధనపు లెక్క తప్పితే మిగిలిన తీర్పులన్నీ తప్పుతాయి. అందుచేత టాంకు నిండుగా పోయించి, మీటరు చదివి, మరల నిండుగా పోయించినప్పుడు పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగించవలెను. పంపు వద్ద ముక్కు ఎక్కడ ఆగుతుందో అనే దానిలో లీటరు తేడా వచ్చునని అనుకొంటే, 10 లీటర్లు పోయించిన వారి లెక్కలో 10 శాతం, 50 లీటర్లు పోయించిన వారి లెక్కలో 2 శాతం దోషం ఉంటుంది. కనీసం మూడు నింపుళ్ళ మొత్తం తీసుకొనుట మంచిది. మూడుసార్లలో 630, 560, 610 కిలోమీటర్లు నడిచి, 42, 40, 38 లీటర్లు పట్టినవనుకొంటే, మొత్తం 1800 కిలోమీటర్లకు 120 లీటర్లు. సగటు లీటరుకు 15 కిలోమీటర్లు.

సగటు తీయుటలో విద్యార్థులు తరచుగా పొరబడే చోటు ఒకటి ఉన్నది. పది కిలోమీటర్ల దారిలో లీటరుకు 10, తరువాతి పది కిలోమీటర్లలో లీటరుకు 20 చొప్పున వస్తే సగటు 15 కాదు. మొదటి దారికి ఒక లీటరు, రెండవ దారికి అర లీటరు ఖర్చయినవి. ఇరవై కిలోమీటర్లకు ఒకటిన్నర లీటరు కాబట్టి సగటు 13.3 మాత్రమే. అందుచేతనే నింపిన ప్రతిసారి వచ్చిన అంకెలను కూడి భాగించరాదు. దూరాలను విడిగా, లీటర్లను విడిగా కూడవలెను.

ఈ అంకెను కంపెనీ ప్రకటించిన అంకెతో నేరుగా పోల్చుట కూడా సరికాదు. క్యామ్రీ హైబ్రిడ్‌కు 2013లో లీటరుకు 19.16 కిలోమీటర్లు అని ప్రకటించారు. అది నిర్ణీత వేగాలతో, ప్రయోగశాలలోని రోలర్ల మీద వచ్చిన ఫలితం. వీధిలో ఎండ, ఏసీ, ఎత్తుపల్లాలు, రద్దీ ఉంటాయి. ఒకే కారు, ఒకే రోజు, రెండు దారులలో రెండు ఫలితాలు ఇవ్వగలదు. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుండి వీఎస్‌టీ వరకు ఉక్కు వంతెన తెరిచిన తరువాత, అశోక్ నగర్ మీదుగా పోవలసిన వాహనం కూడళ్ళలో ఆగకుండా పైనుండి పోవచ్చును. వంతెనకు ముందు నాటి లెక్కను తరువాతి లెక్కతో పోల్చి బాటరీ మీద తీర్పు చెప్పరాదు. ఒక కారుకు తగిన కొలబద్ద అదే కారు, అదే దారిలో, అదే ఋతువులో పూర్వం ఇచ్చిన ఫలితమే.

ఇంధనం మారిన సంగతి కూడా గుర్తుంచుకోవలెను. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరినది. లీటరు ఇథనాలులో ఉండే వేడి సుమారు 2 కోట్ల 10 లక్షల జౌళ్ళే. నాలుగు పాళ్ళు పెట్రోలు, ఒక పాలు ఇథనాలు కలిపి లెక్కిస్తే లీటరు మిశ్రమంలో 2 కోట్ల 98 లక్షల జౌళ్ళు వస్తాయి. అనగా ఇంధనంలోనే శక్తి దాదాపు 7 శాతం తగ్గినది. ఈ తరుగుదలను బాటరీ మీద మోపుట అన్యాయం. టైర్లలో గాలి తక్కువగుట, బ్రేకు పట్టివేయుట, గాలి ఫిల్టరు మూసుకొనుట, ఇంజను వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాలు కూడా లీటరు లెక్కను తగ్గిస్తాయి.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. మైలేజీ తగ్గినంత మాత్రాన బాటరీ చెడినట్లు కాదు. మైలేజీ తగ్గనంత మాత్రాన బాటరీ బాగున్నట్లూ కాదు. బాటరీ బలహీనపడిన కొద్దీ కంప్యూటరు దాని పనిని ఇంజను మీదకు నెట్టుతుంది. డ్రైవరుకు తేడా తెలియదు. దూరపు రహదారి మీద ఎక్కువగా తిరిగే కారులో బాటరీకి పని తక్కువ కాబట్టి, అది సగం చెడినా మైలేజీ అంతగా తగ్గకపోవచ్చును. కాబట్టి బాటరీని విడిగా పరీక్షించక తప్పదు.

మూడు మెట్ల పరీక్ష

మొదటి మెట్టుకు గడియారం చాలును. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కారును నిలిపి, ఏసీ వేసి, ఇంజను ఆగినప్పటి నుండి మరల అదే మొదలయ్యేవరకు పట్టిన సమయాన్ని కొలవవలెను. ఏసీ, ఇతర పరికరాలు కలిసి ఒక కిలోవాట్ తీసుకొంటాయని, నిల్వ 60 శాతం నుండి 40 శాతానికి దిగుతుందని అనుకొందాం. కొత్త బాటరీలో ఆ 20 శాతం అంటే సుమారు 320 వాట్-గంటలు. 19 నిమిషాలు రావలెను. ధారణశక్తి సగమైతే తొమ్మిది, పది నిమిషాలకే ఇంజను లేస్తుంది. రెండు మూడు నిమిషాలకే లేస్తే అనుమానించవలసినదే. తెర మీద నిల్వ గుర్తు త్వరత్వరగా నిండుట, త్వరత్వరగా పడిపోవుట, ఫాను తరచుగా గట్టిగా మోగుట కూడా ఇటువంటి సూచనలే. పరీక్షను తెరచిన చోట చేయవలెను. మూసిన గారేజీలో ఇంజను లేస్తే విషవాయువు నిండుతుంది.

రెండవ మెట్టుకు కారు కంప్యూటరును చదివే చిన్న పరికరం కావలెను. క్యామ్రీ బాటరీలో రెండేసి మాడ్యూళ్ళు ఒక జట్టుగా 17 జట్ల ఓల్టులను కంప్యూటరు ఎల్లప్పుడు కొలుస్తూ ఉంటుంది. వీటిని నిలకడగా ఉన్నప్పుడు ఒకసారి, మోటారు బలంగా లాగుతున్నప్పుడు ఒకసారి చదవవలెను. చదివే మనిషి డ్రైవరు కాకూడదు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. నిలకడలో అన్ని జట్లు 15.8 ఓల్టులు చూపినవి. 60 ఆంపియర్లు ప్రవహించినప్పుడు మంచి జట్టు 14.4 ఓల్టులకు, మరొక జట్టు 13.0 ఓల్టులకు దిగినవి. ఓమ్ సూత్రం ప్రకారం ఓల్టుల తగ్గుదలను ఆంపియర్లతో భాగిస్తే అంతర్నిరోధం వస్తుంది. మంచి జట్టుకు 1.4ను 60తో భాగించగా 0.023 ఓమ్. రెండవదానికి 2.8ను 60తో భాగించగా 0.047 ఓమ్. అనగా రెట్టింపు. మొదటి దానిలో 84 వాట్లు వేడిగా మారుతుంటే రెండవ దానిలో 168 వాట్లు మారుతున్నాయి. బలహీనమైన జట్టు ఎక్కువ వేడెక్కుతుంది. వేడెక్కినది మరింత బలహీనమవుతుంది. చివరి దశలో బాటరీ వేగంగా చెడుటకు కారణం ఈ విషవలయమే.

అంకెలను చదివే తీరు కూడా తెలియవలెను. ఒక జట్టు లాగుడులోనే గాక నిలకడలో కూడా మిగిలిన వాటికన్న 1.2 ఓల్టుల దాకా తక్కువ చూపితే, అందులో ఒక ఘటం పూర్తిగా పోయినదని అనుమానించవలెను, ఎందుకనగా ఒక ఘటపు ఓల్టేజి అంతే. నిలకడలో సమానంగా ఉండి, లాగుడులో మాత్రమే దిగితే అంతర్నిరోధం పెరిగినదని గాని, నిల్వ పడిపోయినదని గాని భావించవచ్చును. తేడా మితిమీరినప్పుడు కంప్యూటరు తానే హెచ్చరిక దీపం వెలిగించి, బాటరీ మార్చవలెనని తెలిపే పి-0-ఏ-80 అనే సంకేతాన్ని నమోదు చేస్తుంది. అమ్మేవారు ఆ సంకేతాన్ని చెరిపివేసి చూపవచ్చును. కాబట్టి దీపం లేదని సంతృప్తి పడక, కొంత దూరం నడిపిన తరువాత జట్ల ఓల్టులను చదువుటయే నమ్మదగిన మార్గం.

మూడవ మెట్టు వర్క్‌షాపులో జరిగేది. మాడ్యూలును పూర్తిగా నింపి, స్థిరమైన ప్రవాహంతో ఖాళీ చేసి, పట్టిన కాలాన్ని కొలుస్తారు. కొత్త మాడ్యూలు 6.5 ఆంపియర్ల చొప్పున ఒక గంట ఇవ్వవలెను. ఒకటి 39 నిమిషాలకే 6 ఓల్టులకు పడిపోతే దాని ధారణశక్తి 65 శాతం. ధారణశక్తిని తెలుసుకొనుటకు ఇంతకన్న నిక్కమైన పరీక్ష లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మూడవ మెట్టు శిక్షణ పొందిన వారి పని. 245 ఓల్టుల ఏకదిశ విద్యుత్తు ప్రాణాంతకం. కారును ఆపివేసినా బాటరీలోని విద్యుత్తు ఎక్కడికీ పోదు. ఇన్వర్టరులోని కెపాసిటర్లలో ఇంకా ఎక్కువ ఓల్టులు కొంతసేపు నిలిచి ఉంటాయి. నారింజ రంగు తీగలున్న చోట ఇతరులు చేయి పెట్టరాదు. ఇంకొక మాట. ఈ కార్లలో 12 ఓల్టుల చిన్న సీసపు బాటరీ వేరే ఉంటుంది. అది నీరసించినప్పుడు తెర మీద రకరకాల దీపాలు వెలిగి కారు కదలదు. పెద్ద బాటరీ పోయినదని భయపడేముందు దీనిని పరీక్షించవలెను.

ఒక్క మాడ్యూలు మార్చితే చాలునా?

చెడిన ఒక మాడ్యూలును తీసి మంచిదానిని పెట్టుట చవకైన మార్గంగా కనిపిస్తుంది. కాని శ్రేణిలో ఉన్న ఘటాలన్నింటి గుండా ఒకే ప్రవాహం పోతుంది. ధారణశక్తి తక్కువైనది ముందుగా ఖాళీ అవుతుంది. అప్పటికీ మిగిలినవి ప్రవాహాన్ని నెట్టుతూ ఉంటే దాని ధ్రువాలు తారుమారై శాశ్వతంగా పాడవుతుంది. పాతవాటి నడుమ కొత్తది పెడితే కొత్తదానికి హాని లేకపోయినా, పాతవాటిలో తరువాతి బలహీనమైనది కొన్ని నెలలకే పడిపోవచ్చును. ఒకటే చెడి మిగిలిన 33 సమానంగా ఉన్నవని కొలత చూపితే ఆ మార్గం కొంతకాలం పనికివస్తుంది. తేడాలు అంతటా పరచుకొని ఉంటే మొత్తం మార్చుటయే మేలు. 2013లో నమోదైన కారు మొదటి 15 సంవత్సరాల నమోదు 2028లో ముగుస్తుంది. కొత్త బాటరీకి డబ్బు పెట్టేవారు ఆ తేదీని కూడా లెక్కలోకి తీసుకోవలెను.

తరగతి గదిలో ప్రయోగం

ఇదే పరీక్షను కారు లేకుండా పాఠశాలలో నిరపాయంగా చేయవచ్చును. బొమ్మలలో, టార్చిలలో వాడే నికెల్-లోహ హైడ్రైడు ఘటాలు ఒకటి కొత్తది, ఒకటి పాతది తీసుకొని రెండింటినీ పూర్తిగా నింపవలెను. 2 ఓమ్‌ల, 2 వాట్ల నిరోధాన్ని, ఓల్టుమీటరును సిద్ధం చేసుకోవలెను. నిరోధం కలపక ముందు ఘటం 1.30 ఓల్టులు, కలిపిన వెంటనే 1.25 ఓల్టులు చూపినదనుకొంటే, ప్రవాహం 1.25ను 2తో భాగించగా 0.625 ఆంపియరు. తగ్గుదల 0.05 ఓల్టు. కాబట్టి అంతర్నిరోధం 0.08 ఓమ్. ఆ తరువాత పది నిమిషాలకొకసారి ఓల్టులు గుర్తించి గ్రాఫు గీయవలెను. 1 ఓల్టుకు దిగగానే నిరోధాన్ని తీసివేయవలెను. సగటు ప్రవాహాన్ని గంటలతో గుణిస్తే ధారణశక్తి తెలుస్తుంది. 2000 మిల్లీ ఆంపియరు-గంటలని ముద్రించిన కొత్త ఘటం సుమారు మూడు గంటల ఇరవై నిమిషాలు నిలవగలదు. పాత ఘటపు గ్రాఫు చాలాసేపు చదునుగా సాగి, ఉన్నట్టుండి పడిపోవుట విద్యార్థులు గమనిస్తారు. ఓల్టుమీటరుతో ఒక్కసారి కొలిచి బాటరీ బాగున్నదని చెప్పుట ఎందుకు పనికిరాదో ఈ ఒక్క గ్రాఫు వివరిస్తుంది.

2022 నుండి మన దేశంలో వచ్చిన అనేక హైబ్రిడ్ కార్లలో లిథియం-అయాన్ ఘటాలు వాడుతున్నారు. రసాయనం మారినా ధారణశక్తి, అంతర్నిరోధం, అసమానత అనే మూడు ప్రశ్నలు మారలేదు. కాలం తీరిన బాటరీ కూడా చెత్త కాదు. దానిలో నికెల్, కోబాల్టు, లాంథనం వంటి విలువైన లోహాలు ఉన్నాయి. 2022 నాటి బాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. కాబట్టి తీసివేసిన బాటరీని తూకానికి అమ్మక, అధికృత సేకరణ కేంద్రానికి చేర్చుట వాహనదారుని ధర్మం.